కైంక్ అంటే కొమ్మా, పాయా?

అందరికీ నమస్తే అండీ. వేల్స్ పాత కథలు, మబినోగి అంటారు, నాలుగు ఉన్నాయి, అవి తెలుగులో చెబుదామని కూర్చుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయా. ఆ నాలుగింటినీ కలిపి వాళ్ళ భాష వెల్ష్‌లో ‘పెదైర్ కైంక్’ అంటారు. పెదైర్ అంటే నాలుగు. కైంక్‌ని ఇంగ్లీషువాళ్ళు బ్రాంచ్ అన్నారు కాబట్టి మనమూ కొమ్మ అనో శాఖ అనో పెట్టేసుకోవచ్చు, కానీ తాడులో ఒక్కో పేటని కూడా వెల్ష్‌లో కైంకే అంటారు. అది తెలిసినప్పట్నుంచి నాకు కొమ్మ రుచించట్లేదు. పాయ అంటే ఎలా ఉంటుందంటారు? జడపాయ.

ఎందుకంటే ఆ కథలు అల్లిన తీరే అట్లా ఉంది. నాలుగింటిలోనూ కనపడేవాడు ప్రదేరి ఒక్కడే. మొదటిదాంట్లో పుడతాడు, పుట్టిన రాత్రే మాయమైపోతాడు, ఆ నింద తల్లి రియానన్ మీద పడుతుంది. రెండోది మొత్తం బ్రాన్వెన్ అనే రాజకుమారి గోడు, అందులో వీడు ఐర్లండ్ యుద్ధం నుంచి బతికొచ్చిన ఏడుగురిలో ఒక పేరు, అంతే. మూడోదాంట్లో మళ్ళీ పైకొస్తాడు. నాలుగోదాంట్లో గ్విదియన్ అనే మాంత్రికుడి చేతిలో చచ్చిపోతాడు, ఆ తర్వాత కూడా కథ చాలా దూరం పోతుంది, వేరేవాళ్ళతో. మా పాపకి రోజూ పొద్దున జడ వేసేది నేనే, ఒక పాయ పక్కదాని కిందికి పోయి కాసేపు కనపడకుండా ఉండి మళ్ళీ పైకొస్తుంది చూడండి, అచ్చం అదే.

ఇంకోటి చెప్తా, నాకు ప్రాణం అది. మొదటి కథలో రియానన్‌ని చేసుకోవాలని వచ్చిన గ్వౌల్ అనేవాణ్ణి సంచిలోకి దింపి మూతి బిగించి, వచ్చినవాడల్లా ‘లోపల ఏముంది’ అని అడగడం, ‘బ్యాడ్జర్’ (బొరియల్లో ఉండే ఒక జంతువు) అనడం, కర్రతో ఒకటి వెయ్యడం. నవ్వుకుని మర్చిపోతాం. మూడో కథలో రియానన్ రెండో భర్త మనావదన్ గోధుమ చేలు రెండు రాత్రుల్లో వరసగా నాశనమవుతాయి. మూడో రాత్రి కాపు కాసి ఒక ఎలకని పట్టుకుంటాడు, నిండు చూలాలు పాపం, పరిగెత్తలేకపోయింది. దాన్ని చేతి తొడుగులో వేసి మూతి దారంతో కట్టి, అర్బెర్త్ దిబ్బ మీద బుల్లి ఉరికొయ్య పాతుతుంటాడు. దొంగకి శిక్ష ఉరే అంటాడు. ఒక పండితుడొచ్చి పౌను ఇస్తా వదిలెయ్ అంటాడు, పూజారి మూడంటాడు, బిషప్పు ఏడు అని తర్వాత ఇరవై నాలుగు దాకా వస్తాడు. చివరికి తేలేదేంటంటే ఆ ఎలక బిషప్పు భార్య, బిషప్పేమో మాంత్రికుడు, ఇదంతా గ్వౌల్‌ని సంచిలో కొట్టినందుకు పగ! అక్కడ సంచి, ఇక్కడ తొడుగు. కథకుడు ఆ పోలిక నోరు తెరిచి చెప్పడు కూడా.

రిప్లై: అన్నా, మనకి పర్వం, కాండం, స్కంధం అన్నీ చెట్టూ చేమా మాటలే కదా. పర్వం అంటే చెరుకు కణుపు. వేదానికి శాఖలు ఉండనే ఉన్నాయి. శాఖ అనేస్తే సరిపోయేది.

అవును తమ్ముడూ, కానీ కణుపు మీద కణుపు వరసగా పైకి పోతుంది, అది భారతానికి సరిపోయింది. శాఖ అంటే ఇప్పుడు చెవికి రెవెన్యూ శాఖే వినపడుతోంది. నీ వైపు కూడా ఒక న్యాయం ఉంది, దాచను, ఆ కాలపు ఫ్రెంచ్‌లో నక్క కథల భాగాల్ని కొమ్మలనే అన్నారు, వెల్ష్ రాతగాడి మనసులో కూడా కొమ్మే ఉండొచ్చు. నేననేది కొమ్మ ఒకసారి చీలితే మళ్ళీ మొదటికి రాదు, ఈ కథలు వస్తాయి.

రిప్లై: మాది కోనసీమ అండీ, పాయ అంటే మాకు గోదావరి పాయే. గౌతమి ఒక దారి, వశిష్ఠ ఒక దారి, విడిపోయి సముద్రంలో పడతాయి తప్ప మళ్ళీ అల్లుకోవు.

ఇది మంచి పాయింటండీ, నేను ఆలోచించలేదు. అయితే మొదటిసారి వచ్చినచోట జడపాయ అని రాసి తర్వాత పాయ అంటా.

ఇంకో ముచ్చట, వెల్ష్‌లో కైంక్ స్త్రీలింగం, ముందు ‘ఎ’ అనే ఆర్టికల్ వస్తే క కాస్తా గ అయి ‘ఎ గైంక్’ అవుతుంది. వాడు కొట్టె, వాడు గొట్టె అయినట్టు! కారణాలు వేరేలెండి, కానీ గసడదవాదేశం చదివినవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. 14వ శతాబ్దం మధ్యలో రాసిన వైట్ బుక్ అనే చేతిరాత పుస్తకంలో ఈ కథలకి ఇప్పుడు మనం వాడే పేర్లు లేవు, అవి తర్వాతివాళ్ళు పెట్టుకున్నవి. ఉన్నదల్లా చివర ‘ఇట్లా మబినోగిలో ఈ కైంక్ ముగుస్తుంది’ అనే వాక్యం. అంటే ఈ మాట తప్పు పెడితే కథకి ఉన్న ఒక్క ఆనవాలూ పోతుంది, అందుకే ఇంత పట్టుబడుతున్నా.

‘ఇట్లా మబినోగిలో ఈ పాయ ముగిసింది.’ చదివి చూడండి. ‘ముగిసింది’ బదులు ‘అయిపోయింది’ బావుంటుందనిపిస్తే ఇక్కడే చెప్పండి, ఆదివారం లోపు మొదటి పాయ పెట్టేస్తా.