అక్కతో మాట్లాడే ‘ఇంజనీరు’ నిజంగా ఉన్నాడా?

ప్రశ్న:
మా అక్కకు 52 ఏళ్లు. బావ పోయి మూడేళ్లయింది. సముద్రంలో చమురు బావి మీద ఇంజనీరునంటూ ఒకాయన నాలుగు నెలలుగా సందేశాలు పంపుతున్నాడు. రోజూ పొద్దున్నే “బీపీ మాత్ర వేసుకున్నావా?” అని అడుగుతాడు. తమ్ముణ్ణయి ఉండి నేను ఏనాడూ అడగలేదు. వీడియో కాల్ అంటే కెమెరా పాడైందట. ఇప్పుడు తాను పంపిన బహుమతి కస్టమ్స్‌లో ఆగిందని, రుసుము కట్టమంటున్నాడు. ఇది మోసమన్నందుకు అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఏం చేయాలి?

జవాబు 1:
అతని ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి, అదే ఫొటో నెట్‌లో ఇంకెక్కడైనా ఉంటే చూపిస్తుంది. ఏమీ దొరకకపోయినా నమ్మకండి. లేని మనిషి ముఖాన్ని కృత్రిమ మేధతో సృష్టించడం ఇప్పుడు తేలిక. కస్టమ్స్ రుసుమును ఎవరిదో సొంత ఖాతాలో వేయమన్నాడంటే ఇక పరిశోధన అక్కర్లేదు.

జవాబు 2:
నేను ఇలాగే మోసపోయాను. “బుద్ధి లేదా?” అని మా అన్నయ్య అరిచిన రోజే, పంతంతో ఇంకో విడత పంపాను. కాబట్టి వాదించకండి. “డబ్బు లేదు, నెల ఆగు” అని అక్కచేతే చెప్పించండి. నేను అలా చెప్పిన రెండో రోజుకే వాడి ప్రేమ తిట్లలోకి దిగింది. చాట్‌లు చెరపకండి, ఫిర్యాదుకు కావాలి. పోయిన సొమ్ము రాబడతామంటూ వచ్చేవాళ్లూ దొంగలే. వాళ్లకూ కొంత సమర్పించుకున్నాను లెండి!

ప్రశ్న అడిగినవారు:
వెతికాను. అదే ముఖం, వేరే పేరుతో, వేరే దేశంలో పళ్ల డాక్టరు. అక్కకు ఇంకా చూపించలేదు. పొద్దున ఫోన్ చేసి మాత్ర వేసుకుందో లేదో అడిగాను. కాసేపాగి, “వేసుకున్నాను” అంది.