బ్రిటిష్ రాజకుటుంబం అంటే జనానికి ఎందుకింత మోజు?

పాతకోట:
2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి భౌతికకాయం ఉంచిన లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ హాలుకు సుమారు రెండున్నర లక్షల మంది వచ్చారు. థేమ్స్ ఒడ్డున మైళ్ల పొడవు క్యూ. రాత్రంతా చలిలో నిలబడ్డవాళ్లున్నారు. ఎవరూ ఓటేసి ఎన్నుకోని ఒక కుటుంబం మీద ఈ కాలంలో ఇంత మోజు ఏమిటి? నా ఉద్దేశంలో ఇది పాత సంప్రదాయం మీద ప్రేమ కాదు. అందంగా అల్లిన తంతు మీద మోజు. వేల్స్ యువరాజుకు కార్నార్వన్ కోటలో పట్టం కట్టే వేడుకను ఇప్పుడు మనం చూసే రూపంలో 1911లో అప్పటి బ్రిటిష్ మంత్రి లాయిడ్ జార్జ్ పూనుకుని జరిపించాడు. రాజకుటుంబానికి విండ్సర్ అన్న ఇంటిపేరు 1917లో వచ్చింది. జర్మనీతో యుద్ధం చేస్తూ జర్మన్ ఇంటిపేరు పెట్టుకోలేక మార్చుకున్నారు.

థేమ్స్‌ఒడ్డు:
నేను ఆ క్యూలో నిలబడ్డాను. ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను. దయచేసి దాన్ని మోజు అనకండి. నా ముందు రిటైరైన బస్సు డ్రైవరు, వెనక స్కూలు టీచరు. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెకమ్ కూడా అందరితో పాటే గంటల తరబడి నిలబడ్డాడు. ఒక్కరూ తోసుకోలేదు. మన వైపు ఒక పెద్ద గుడికి మా నాన్నను తీసుకెళ్తే ఏం జరిగిందో చెప్తాను. తెల్లవారుజాము నుంచి మేం వరసలో ఉన్నాం. ఎవరో నాయకుడి బంధువులు పక్క గేటులోంచి నేరుగా లోపలికెళ్లిపోయారు. నాన్న మోకాళ్ల నొప్పితో నేల మీద కూలబడ్డారు. అందుకే ఆ క్యూలో నాకు ఏడుపొచ్చింది.

పాతకోట:
ఎంపీలకు అక్కడా వేరే దారి ఉందండి. వాళ్లతో పాటు అతిథుల్ని కూడా తీసుకెళ్లనిచ్చారు. అప్పట్లో పేపర్లలో గొడవైంది.

థేమ్స్‌ఒడ్డు:
తెలుసు. గొడవైంది కదా! మన దగ్గర దాని మీద గొడవ కూడా అవదు.

కొల్లూరు కుర్రోడు:
ముందు కోహినూర్ ఇమ్మనండి. తర్వాత మాట్లాడుకుందాం.

చంద్రవంక:
1981లో డయానా పెళ్లి ఫొటోలు మా అమ్మ పత్రికల్లోంచి కత్తిరించి దాచుకుంది. ఆవిడకు రాజ్యాంగం అక్కర్లేదు, అది పక్కింటి పెళ్లి.

పాతకోట:
కోహినూర్ వేరే చర్చ. 1849లో పదేళ్ల పంజాబ్ రాజు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించి తీసుకున్నారు, అది అన్యాయమే. 2023 పట్టాభిషేకంలో చార్లెస్ రాజు భార్య కమిల్లా పెట్టుకున్న కిరీటంలో దాన్ని పెట్టలేదు కూడా. నేను అడుగుతున్నది తంతు గురించి. శవపేటిక ఉన్న ఫిరంగి బండిని 142 మంది నావికులు లాగారు, చూశారుగా. అది ప్రాచీన ఆచారమేమీ కాదు. 1901లో విక్టోరియా అంత్యక్రియల రోజు విండ్సర్ ఊళ్లో గుర్రాల పగ్గాలు తెగిపోతే, అక్కడున్న నావికులు వచ్చి లాగారు. ప్రమాదవశాత్తు జరిగిన పనిని సంప్రదాయం అని పేరు పెట్టి చూపిస్తున్నారు.

థేమ్స్‌ఒడ్డు:
పేరు పెట్టడం ఏముంది? జరిగింది, బాగుందనిపించింది, మళ్లీ చేశారు. ఏ ఆచారమైనా అలాగే కదా మొదలయ్యేది.

పాతకోట:
మరి అనాదిగా వస్తోందని టీవీలో ఎందుకు చెబుతారు?

థేమ్స్‌ఒడ్డు:
టీవీ వాళ్ల మాటకు క్యూలో నిలబడ్డ నేనెలా జవాబు చెప్పాలి?

గంటస్తంభం:
మాది విజయనగరం. దసరా తర్వాత పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజున కోట మీద కూర్చుని మా పాత రాజకుటుంబం పూసపాటి వంశీకులు చూస్తారు. జమీందారీలు 1948 చట్టంతోనే పోయాయి. అయినా సిరిమాను కోట ముందుకొచ్చినప్పుడు జనమంతా అటే చూస్తారు. మనకూ ఉంది ఆ బలహీనత. నాకైతే అందులో తప్పు కనిపించదు.

మెతుకుసీమ:
తప్పు కనిపించదా? మా తాత మా ఊరి దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. దొర ఇంట్లో వెట్టి చేసేవాడు. 1947లో ఎలిజబెత్ పెళ్లికి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వజ్రాల హారం కానుక ఇచ్చాడు. 2014లో రాణి మనవడు విలియం భార్య కేట్ దాన్ని వేసుకుంటే మనోళ్లే 'మన హైదరాబాద్ హారం' అని ఫొటోలు పంచుకున్నారు. నిజాం ఖజానాలోకి డబ్బు ఎవరి వీపు మీదుగా వచ్చిందో ఒక్కరు అడగలేదు.

పాతకోట:
సరిగ్గా చెప్పారు. అయినా పౌరసత్వం కోసం రాజు పేర ప్రమాణం చేసినవాళ్లకు ఇవన్నీ ఎక్కవు లెండి.

థేమ్స్‌ఒడ్డు:
అదీ అసలు సంగతి! మీకు రాణితో పేచీ లేదు, నేను ఇక్కడ ఉండిపోవడంతో పేచీ. చార్లెస్ రాజుకు, ఆయన వారసులకు విధేయంగా ఉంటానని నిలబడి చెప్పాను. సిగ్గుపడను. ఈ దేశం నాకు ఉద్యోగం ఇచ్చింది. మా నాన్న ఆపరేషన్ డబ్బు ఇక్కడి జీతంలోంచే పంపాను. మీరెవరు నన్ను తూకం వేయడానికి?

నిర్వాహకులు:
వ్యక్తిగత విమర్శలు వద్దు. పాతకోట గారూ, మీ చివరి వాక్యం లాంటిది ఇంకోసారి వస్తే తొలగిస్తాం.

మెతుకుసీమ:
అక్కా, మీ ప్రమాణం గురించి నాకు పట్టింపు లేదు. క్యూలో అందరూ సమానం అన్నారు చూడండి, నా బాధ అది. క్యూ చివర ఎవరున్నారు? పుట్టుకతో గొప్పదైన మనిషి. రాణి నుంచి రాజుకు వచ్చిన ఆస్తి మీద వారసత్వ పన్ను లేదు. మీ బస్సు డ్రైవరు ఇల్లు 3,25,000 పౌండ్లు దాటితే, మినహాయింపులు పోను మిగిలిన దాని మీద 40 శాతం. ఒకరికొకరు సమానంగా ఉండి, అందరూ కలిసి ఒకరి ముందు తక్కువ కావడం మా ఊళ్లోనూ ఉండేది.

థేమ్స్‌ఒడ్డు:
రాణి ఎవరి చేతా చెప్పులు విప్పించలేదు తమ్ముడూ. అక్కడ నాకు కనిపించింది డెబ్బై ఏళ్లు ఒకే పని చేసి, చనిపోయే రెండు రోజుల ముందు కూడా కొత్త ప్రధానిని కలిసిన ముసలావిడ. ఎన్నికైన నాయకుడు పోతే సగం దేశమే ఏడుస్తుంది. ఆవిడ ఎవరి పార్టీ కాదు కాబట్టే అందరూ వచ్చారు.

మెతుకుసీమ:
ఐర్లండ్ అధ్యక్షుడు కూడా రోజువారీ పార్టీ రాజకీయాల్లో వేలు పెట్టడు. ఒకప్పుడు ఇంగ్లిష్ పాలకులు కూర్చున్న డబ్లిన్ కోటలోనే ప్రమాణం చేస్తాడు. కోట ఉంది, వేడుక ఉంది, కానీ జనం ఎన్నుకున్న మనిషి. బార్బడోస్ కూడా 2021లో రాణిని తప్పించి సొంత అధ్యక్షురాలిని పెట్టుకుంది. వేడుక కోసం పుట్టుకను మొయ్యాల్సిన పని లేదు.

థేమ్స్‌ఒడ్డు:
పుట్టుక లేకపోతే ఆ వేడుకకు నేను వెళ్లేదాన్ని కాదేమో. వెయ్యేళ్లుగా వస్తున్న వరసలో ఆవిడ ఒకరు అన్న భావన కూడా నన్ను అక్కడికి లాగింది. అది లేదని అబద్ధం చెప్పలేను.

మెతుకుసీమ:
ఇదే అడుగుతున్నా మొదటి నుంచీ. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో చదువుతోంది. రేపు తనూ ఆ ప్రమాణం చేస్తానంటే ఆపను, తన బతుకు తనది. ప్రమాణం చేసే ఆ హాల్లోకి మాత్రం నేను రాను.