ఓడిన మంత్రుల చేతుల్లో లాక్‌డౌన్: ఐర్లండ్‌లో 2020 నాటి 140 రోజులను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న

ఐర్లండ్‌లో 2020 ఫిబ్రవరి 8న సాధారణ ఎన్నికలు జరిగాయి. కొత్త ప్రభుత్వం మాత్రం జూన్ 27న గాని కొలువుదీరలేదు. ఈ 140 రోజుల మధ్యలోనే కోవిడ్ వచ్చిపడింది. బడులు మూతపడ్డాయి, ఇల్లు దాటవద్దన్న ఆదేశాలు వెలువడ్డాయి, మహమ్మారి వల్ల పని పోయినవారికి వారానికి 350 యూరోల భృతి మొదలైంది. ఇంతటి నిర్ణయాలు తీసుకున్నది ఎన్నికల్లో మూడో స్థానానికి జారిపోయిన ఫినె గేల్ పార్టీ నాయకుడు లియో వరద్కర్ నడిపిన ఆపద్ధర్మ ప్రభుత్వం. ప్రజలు కాదన్నవారికి ప్రజల కదలికలనే కట్టడి చేసే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి తోడు మరో సందేహం. అందరికంటే ఎక్కువగా 24.5 శాతం మొదటి ప్రాధాన్య ఓట్లు (ఓటరు తన వరుసలో మొదట ఎంచుకున్న అభ్యర్థికి పడే ఓట్లు) తెచ్చుకున్న షిన్ ఫేన్ పార్టీని పక్కనబెట్టి, 1922–23 అంతర్యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన పక్షాల నుంచి పుట్టిన ఫియానా ఫాల్, ఫినె గేల్ చేతులు కలిపాయి. దీన్ని ప్రజాతీర్పును మన్నించడం అనగలమా? నాకైతే అనలేమనే అనిపిస్తోంది. తెలిసినవారు వివరిస్తే నా అభిప్రాయం మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

మొదటి సమాధానం

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఐర్లండ్ రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. ప్రధానమంత్రి, అంటే అక్కడివారు టీషాక్ అని పిలిచే వ్యక్తి, రాజీనామా చేసినా తన స్థానంలో మరొకరు నియమితులయ్యేదాకా బాధ్యతలు నిర్వర్తిస్తూనే ఉండాలి. సభ రద్దయ్యేనాటికి పదవిలో ఉన్న మంత్రులకూ ఇదే వర్తిస్తుంది. ఫిబ్రవరి 20న దిగువ సభ డాల్ సమావేశమై టీషాక్ పదవికి నలుగురి పేర్లను ఓటింగుకు పెడితే ఎవరికీ మెజారిటీ రాలేదు. షిన్ ఫేన్ నాయకురాలు మేరీ లూ మెక్‌డొనాల్డ్‌కు 45, ఫియానా ఫాల్ నాయకుడు మీహాల్ మార్టిన్‌కు 41, వరద్కర్‌కు 36, గ్రీన్ పార్టీ నాయకుడు ఈమన్ రయాన్‌కు 12 ఓట్లు వచ్చాయి. అదే రోజు వరద్కర్ రాజీనామా సమర్పించారు. బడులు మూసివేస్తున్నట్టు మార్చి 12న వాషింగ్టన్ నుంచి ప్రకటించే నాటికి ఆయన, చట్టం దృష్టిలో, రాజీనామా చేసి మూడు వారాలైన ప్రధాని.

ఇంకా లోతుకు వెళ్తే రెజీనా డోహర్టీ విషయం చూడండి. ఆమె అప్పటి సామాజిక సంరక్షణ మంత్రి. ఫిబ్రవరి ఎన్నికల్లో తన స్థానాన్నే కోల్పోయారు. అయినా మీరు చెప్పిన ఆ 350 యూరోల భృతి ఆమె శాఖ చేతుల మీదుగానే లక్షల మందికి అందింది. క్యాథరిన్ జాపోన్, షేన్ రాస్ కూడా సీటు పోగొట్టుకుని మంత్రులుగా కొనసాగినవారే. ఇది వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ ఆ వారాల్లో ప్రభుత్వ యంత్రాంగానికి బాధ్యుడంటూ ఎవరూ లేకపోవడం కంటే, ఓడినవారైనా చట్టబద్ధంగా కుర్చీలో ఉండి సభకు జవాబు చెప్పడమే నయమని నా దృఢమైన అభిప్రాయం.

అసలు చిక్కు మంత్రుల దగ్గర కాదు, ఎగువ సభ షానద్ దగ్గర వచ్చింది. అందులో 60 మంది సభ్యులు. వారిలో 11 మందిని నామినేట్ చేసే హక్కు ఎన్నికల తరువాత కొత్తగా నియమితుడైన టీషాక్‌దే. ఆపద్ధర్మ ప్రధానికి ఆ హక్కు లేదు. మార్చి 20న, 27న అమలులోకి వచ్చిన రెండు అత్యవసర చట్టాలను పాత షానదే ఆమోదించింది. ప్రజల కదలికలపై నిబంధనలు విధించే అధికారం ఆరోగ్య మంత్రికి వచ్చింది వీటిలో మొదటిదాని నుంచే; అద్దెల పెంపుపైనా, అద్దెదారులను ఖాళీ చేయించడంపైనా నిషేధం వచ్చింది రెండో దానితో. మార్చి నెలాఖరులో షానద్‌కు ఎన్నికలు ముగిసి 49 మంది ఎన్నికయ్యాక ఆ 11 ఖాళీలు అలాగే ఉండిపోయాయి. అంటే అప్పటికే ఉన్న చట్టం కింద లాక్‌డౌన్‌ను పొడిగించవచ్చు గాని, కొత్త చట్టం ఒక్కటీ చేయడానికి వీల్లేదు. 49 మందితోనైనా సభను నడపాలంటూ కొందరు సెనేటర్లు హైకోర్టుకు వెళ్లారు. కుదరదని కోర్టు జూన్ 29న తేల్చింది. అప్పటికి ప్రభుత్వం ఏర్పడి రెండు రోజులైంది. ఉగ్రవాద వ్యతిరేక చట్టంలోని కొన్ని నిబంధనలను జూన్ ఆఖరులోగా ఉభయ సభలూ పునరుద్ధరించాల్సి ఉండటం కూడా పార్టీలను తొందరపెట్టింది. వ్యాధి భయం కంటే ఈ 11 ఖాళీ కుర్చీలే చర్చలకు గడువు పెట్టాయని నేను నమ్ముతాను.

రెండో సమాధానం

పై వివరణతో ఏకీభవిస్తూ, మీ రెండో ప్రశ్నకు అంకెలతో జవాబిస్తాను. అప్పటి డాల్‌లో 160 స్థానాలు. ఫియానా ఫాల్‌కు 38, షిన్ ఫేన్‌కు 37, ఫినె గేల్‌కు 35, గ్రీన్ పార్టీకి 12 దక్కాయి. షిన్ ఫేన్‌కు ఓట్లు ఎక్కువ వచ్చినా సీట్లు ఒకటి తగ్గడానికి కారణం ఆ పార్టీ 42 మందినే నిలబెట్టడం. 2019 స్థానిక ఎన్నికల్లో తన కౌన్సిల్ స్థానాల్లో దాదాపు సగం పోగొట్టుకున్న పార్టీ జాగ్రత్తపడింది. గాలి తనవైపు తిరిగేసరికి నిలబెట్టడానికి మనుషులు లేకపోయారు. ఒక్కో నియోజకవర్గంలో ఓటర్లు అభ్యర్థులను ప్రాధాన్య క్రమంలో ఎంచుకుని ముగ్గురి నుంచి అయిదుగురిని ఎన్నుకునే బదిలీ ఓటు పద్ధతిలో, గెలిచినవారికి మిగులుగా పడిన ఓట్లు వేరే వామపక్ష అభ్యర్థులకు వెళ్లిపోయాయి.

ఇప్పుడు కూడిక చూడండి. షిన్ ఫేన్, గ్రీన్స్, లేబర్, సోషల్ డెమోక్రాట్స్, సాలిడారిటీ–పీపుల్ బిఫోర్ ప్రాఫిట్, అన్నీ కలిస్తే 37, 12, 6, 6, 5 చొప్పున మొత్తం 66. మెజారిటీకి చాలా దూరం. ఫియానా ఫాల్, ఫినె గేల్ రెండూ షిన్ ఫేన్‌తో కలవబోమని ఎన్నికలకు ముందే చెప్పాయి. ఆ మాటను నమ్మి వారికి ఓటేసినవారు 43 శాతం మంది. ఆ ఓట్లకు కూడా విలువ ఉంది కదా. షిన్ ఫేన్‌ను గెలిపించిన ఇళ్ల కొరత, ఆసుపత్రుల సమస్య నిజమైనవేనని, ఆ ఆవేదనకు ప్రభుత్వంలో చోటు దొరకలేదని నేను బాధతోనే అంగీకరిస్తాను. అయితే ఆ పార్టీ ప్రధాన ప్రతిపక్షమైంది. సభలో నిలదీసే బాధ్యత దాని చేతికి వచ్చింది.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. 66 అన్న కూడిక చూశాక నా వాదనలో బలం తగ్గిందని ఒప్పుకుంటున్నాను. ఇంకొక్కటి మిగిలింది. ఏప్రిల్ 14కే రెండు పెద్ద పార్టీలూ ఒక ఒప్పంద పత్రానికి వచ్చాయంటున్నారు. మరి జూన్ దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? గ్రీన్స్ కాదంటే ఏమయ్యేది?

మూడో సమాధానం

స్పీకర్‌ను మినహాయిస్తే ఆ రెండు పార్టీలకూ కలిపి 72 ఓట్లే ఉన్నాయి కాబట్టి మూడో పార్టీ తప్పనిసరి. గ్రీన్స్ 17 షరతులు పెట్టారు. వాటిలో ముఖ్యమైనది కర్బన ఉద్గారాలను ఏటా సగటున 7 శాతం తగ్గించడం. ఉమ్మడి కార్యక్రమం జూన్ 15న ఖరారైంది. ఆ తరువాత అది మూడు పార్టీల కార్యకర్తల ముందుకు వెళ్లింది. గ్రీన్ పార్టీ నియమం ప్రకారం మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. చర్చల్లో పాల్గొన్న బృందం నుంచే వ్యతిరేక స్వరం వినిపించింది. జూన్ 26న లెక్క తేలినప్పుడు ఫినె గేల్‌లో 80, గ్రీన్స్‌లో 76, ఫియానా ఫాల్‌లో 74 శాతం ఆమోదం లభించింది. గ్రీన్స్‌లో 1,435 మంది అవునన్నారు, 457 మంది కాదన్నారు. ఒక దేశ ప్రభుత్వం ఏర్పడాలా వద్దా అన్నది రెండు వేల లోపు మంది పోస్టులో పంపిన ఓట్ల మీద ఆధారపడటం నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది.

మర్నాడు డాల్ తన మామూలు చోటు లెన్‌స్టర్ హౌస్‌లో కాకుండా, సభ్యులు ఎడంగా కూర్చునే వీలున్న డబ్లిన్ కన్వెన్షన్ సెంటర్‌లో సమావేశమైంది. 93–63 ఓట్లతో మార్టిన్‌ను టీషాక్‌గా ఎన్నుకుంది. కొందరు స్వతంత్రులు కూడా ఆయనకు ఓటేశారు. టీషాక్ పదవిని మార్టిన్, వరద్కర్ మధ్యలో మార్చుకోవాలన్న ఒప్పందం 2022 డిసెంబర్ 17న మాట తప్పకుండా అమలైంది. వరద్కర్ మళ్లీ టీషాక్ అయ్యారు.

గ్రీన్స్ కాదంటే మిగిలిన పెద్ద దారి మరో ఎన్నిక. సభలో మెజారిటీ లేని టీషాక్ సభను రద్దు చేయమని అడిగితే నిరాకరించే విచక్షణ రాజ్యాంగం 13వ అధికరణం కింద అధ్యక్షుడికి ఉంది. అందువల్ల ఆ దారి కూడా తెరిచి ఉందని ముందే చెప్పడానికి వీలుండేది కాదు. ఆయన ఒప్పుకుని ఉన్నా, వ్యాధి ఇంకా తిరుగుతున్న వేళ 39 నియోజకవర్గాల్లో ఇంటింటి ప్రచారమూ పోలింగూ ఓట్ల లెక్కింపూ నడపాల్సి వచ్చేది. ఆ పదకొండు కుర్చీలు అప్పటిదాకా ఖాళీగానే ఉండేవి.