పిల్లలు మేము, మనం కలిపేస్తున్నారు. ఎలా నేర్పాలి?

ప్రశ్న: రెండో తరగతి పిల్లలు "టీచర్, మనం హోంవర్క్ చేశాం" అంటున్నారు. అర్థం చెప్పినా మళ్లీ అదే తప్పు.

జవాబు 1: నిర్వచనం వద్దండీ, ముగ్గుర్ని నిలబెట్టండి. ఇద్దరు గుండెల మీద చేతులు పెట్టుకుని మూడోవాడితో "మేము ఆడుకుంటాం" అనాలి. తర్వాత వాణ్ణీ చెయ్యి పట్టి లాక్కుని "మనం ఆడుకుందాం" అనాలి. వినేవాడు కలిస్తేనే మనం. స్థానాలు మార్చి, ముగ్గురూ వినేవాడి చోట నిలబడేదాకా ఆడించండి.

జవాబు 2: "చేశాం", "వెళ్తాం" అనే రూపాలు మేముకీ, మనంకీ ఒకటే, అందుకే తప్పు చెవికి తగలదు. "వెళ్దాం" మాత్రం మనంతోనే కుదురుతుంది. "మేము వెళ్దాం" అంటే పిల్లలకే వింతగా ఉంటుంది. నన్నడిగితే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. మా పుస్తకం, మన పుస్తకం తేడా ఆ తర్వాతే.

ప్రశ్న వేసినవారు: తప్పు చెప్పినప్పుడు వెంటనే దిద్దాలా?

జవాబు 1: వద్దు. "నేనూ చేశానా?" అని అడగండి, వాళ్లే మార్చుకుంటారు.