ఎండాకాలంలో చిన్న ఆంప్లిఫయర్ మధ్యలో ఆగిపోతోంది

ప్రశ్న: మాది విజయవాడ, హాల్లో ఏసీ లేదు. టీవీ కింద అరలో టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న ఆంప్లిఫయర్ పెట్టాను. 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్‌తో నడుస్తుంది. ఒక్కో చానల్‌కి రెండేసి 4 ఓమ్‌ల స్పీకర్లు పారలల్‌గా, అంటే రెండింటినీ ఒకే జత వైర్లకి కలిపాను. మధ్యాహ్నం గట్టిగా పెడితే కాసేపటికి సౌండ్ ఆగిపోతోంది. చల్లారాక స్విచ్ వేస్తే మళ్ళీ మామూలే. చిప్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఫ్యాన్ పెట్టాలా?

జవాబు: ఫ్యాన్ తర్వాత సంగతండీ. రెండు 4 ఓమ్‌లు పారలల్ అంటే 2 ఓమ్‌లు. స్టీరియోలో ఆ చిప్‌కి లోడు, అంటే స్పీకర్ల నిరోధం, 4 ఓమ్‌లకి తగ్గకూడదు. ఓమ్‌లు తగ్గి కరెంటు ఎక్కువ లాగితే వేడెక్కక ఏం చేస్తుంది? చానల్‌కి ఒక్క స్పీకరే ఉంచండి, లేదా రెండూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలపండి, 8 ఓమ్‌లవుతుంది. సౌండ్ కాస్త తగ్గుతుంది, కానీ నిశ్చింత. ఇంతవరకు చిప్ వేడెక్కగానే ఆగిపోయి తనను తాను కాపాడుకుంటోంది, రోజూ ఆ పని చేయించకండి.

ఇంకొకరి జవాబు: నేను ఇవి రిపేర్ చేస్తుంటాను. చిప్ కంటే ముందు కెపాసిటర్లు (బోర్డు మీద చార్జ్ నిల్వ చేసే చిన్న డబ్బాలు) ఉబ్బి పాడవుతాయి. వేడి 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపు. కాబట్టి అరలోంచి బయటికి తీయండి, సెట్‌టాప్ బాక్స్ మీద మాత్రం పెట్టకండి. ఈ చిప్ వేడి పైవైపు నుంచి పోతుంది. మూత తీసి హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క) చిప్‌కి బాగా ఆనిందో లేదో చూడండి, మధ్యలో వేడిని అందించే పేస్ట్ ఎండిపోతే మార్చండి. అడాప్టర్‌ని కూడా ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత కాలితే దాన్నీ మార్చాలి.

ప్రశ్న అడిగినవారు: సిరీస్‌లో కలిపి, టేబుల్ మీద పెట్టాను. ఈరోజు మధ్యాహ్నం ఆగలేదు. పేస్ట్ ఆదివారం చూస్తాను.