సాయిల్ మెకానిక్స్ ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టకుండా ఒంటబట్టేదెలా?

రేగడి_చేను (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సివిల్ చదువుతున్నాను, పది దాకా తెలుగు మీడియం. ల్యాబులో పని బాగానే వస్తోంది, లెక్కలూ వస్తున్నాయి. రిపోర్టు ఇంగ్లీషులో రాయమన్నా, వైవాలో చెప్పమన్నా చిక్కొచ్చి పడుతోంది. డిక్షనరీలో కంపాక్షన్‌కూ కన్సాలిడేషన్‌కూ ఇంచుమించు ఒకటే అర్థం. పోరస్, పర్మియబుల్ కూడా అంతే. ఫైన్స్ అంటే జరిమానాలట! పుస్తకం చివర ఉండే పదాల పట్టిక మొత్తం కంఠతా పడితే సరిపోతుందా, ఇంకో పద్ధతేదైనా ఉందా? సైటుకెళ్లాక కూడా పనికొచ్చేలా చెప్పండి.

జల్లెడ75:

పట్టిక మూసెయ్యి తమ్ముడూ. ఏ మాటనైనా అది పుట్టిన పరీక్ష దగ్గరే నేర్చుకోవాలి. చెయ్యి చేస్తున్న పనికి నోటితో పేరు చెప్పుకుంటూ పోతే మరిచిపోవడం కష్టం.

మొదట జల్లెడలు. పైనుంచి 4.75 మి.మీ., 2.36, 1.18, ఆ కింద 600, 300, 150, 75 మైక్రాన్లు, అడుగున ప్యాన్. ఆరబెట్టిన మట్టి పోసి పది నిమిషాలు ఊపు. జల్లెడ మీద నిలిచింది రిటెయిన్డ్, కిందికి జారింది పాసింగ్. 4.75 మీద నిలిచింది గ్రావెల్, అక్కణ్నుంచి 75 మైక్రాన్ల దాకా శాండ్, 75 కూడా దాటి జారిపోయిందంతా ఫైన్స్. జరిమానాకూ దీనికీ సంబంధం లేదు. ఎప్పుడూ బహువచనంలోనే వాడతారు. ఫైన్స్‌లో 2 మైక్రాన్ల దాకా సిల్ట్, అంతకన్నా సన్నం క్లే. ఇవి మట్టి వర్గీకరణకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1498 హద్దులు. జల్లెడను పలికేటప్పుడు ‘సివ్’ అనాలి, ‘సీవ్’ కాదు.

సిల్టూ క్లే జల్లెడకు దొరకవు కాబట్టి చేతి పరీక్షలు ఉన్నాయి. ఇక్కడ మూడు మంచి మాటలు దొరుకుతాయి. 425 మైక్రాన్ల జల్లెడ దాటిన మట్టిని తడిపి చిన్న ముద్ద చేసి అరచేతిలో పెట్టుకో. ఆ చేతిని రెండో చేతికేసి అడ్డంగా తట్టు. ముద్ద మీదికి నీరు తేలి నిగనిగలాడి, వేళ్లతో నొక్కగానే ఆ మెరుపు పోయి బిరుసెక్కితే సిల్టు లేదా సన్న ఇసుక. దీని పేరు డైలేటెన్సీ. ఫలితాన్ని రియాక్షన్ క్విక్, స్లో, నన్ అని రాస్తారు. అసలైన బంకమట్టిలో ఏ మార్పూ ఉండదు. తర్వాత అదే ముద్దను ఎండబెట్టి వేళ్ల మధ్య నలుపు. పొడైపోతే డ్రై స్ట్రెంగ్త్ లో, వేళ్లు నొప్పెట్టినా విరక్కపోతే హై. మూడోది టఫ్‌నెస్. మట్టిని 3 మి.మీ. పోగులా పేని, మడిచి, మళ్లీ పేనుతూ పోతే ఒకచోట విరుగుతుంది. విరిగే ముందు అది ఎంత మొండికేసిందో అదే టఫ్‌నెస్. ఆ పోగు పేరు థ్రెడ్, విరగడం పేరు క్రంబుల్. థ్రెడ్ సరిగ్గా 3 మి.మీ. దగ్గర క్రంబుల్ అయినప్పుడు మట్టిలో ఉన్న నీటి శాతమే ప్లాస్టిక్ లిమిట్. నిర్వచనం బట్టీ పట్టే పనే లేదు.

లిక్విడ్ లిమిట్ (మట్టి పారే స్థితికి చేరే నీటి శాతం) కూడా ఇంతే. తడి మట్టి వేసే కప్పు, ఆ మట్టిలో గీసే గాడి గ్రూవ్, కప్పు పడే ఒక్కో దెబ్బ బ్లో. కప్పు 10 మి.మీ. ఎత్తు నుంచి పడాలి, 25 బ్లోస్‌కు గ్రూవ్ అడుగున 12 మి.మీ. మేర కలుసుకోవాలి. మట్టి పారి కలిస్తే ఫ్లో, జారి కలిస్తే స్లైడ్. స్లైడ్ అయితే ఆ రీడింగ్ తీసుకోకూడదు. వైవాలో అడుగుతారు.

కట్ట_మీద:

పైన చెప్పింది నిజం. దానికి తోడు, జంట మాటల్ని ఎప్పుడూ జంటగానే చదవండి. విడివిడిగా చూస్తే డిక్షనరీ తికమక పెడుతుంది.

కంపాక్షన్‌లో మట్టిలోంచి పోయేది గాలి. దిమ్మిసతోనో రోలరుతోనో మనం చేసే పని, అక్కడికక్కడే అయిపోతుంది. కన్సాలిడేషన్‌లో పోయేది నీళ్లు. పూర్తిగా తడిసిన బంకమట్టి మీద భవనం బరువు పడితే నెలలూ సంవత్సరాలూ నెమ్మదిగా జరుగుతుంది. 1920లలో సాయిల్ మెకానిక్స్‌కు ఆద్యుడైన టెర్జాగీ లెక్కగట్టింది దీన్నే. ఒక జాగ్రత్త: సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) రేట్ల పుస్తకంలో మట్టి నింపే ఐటమ్ దగ్గర, పొర 20 సెం.మీ. మించకుండా వేసి ర్యామింగ్, వాటరింగ్‌తో ‘కన్సాలిడేటింగ్’ చేయాలని ఉంటుంది. అక్కడి ఉద్దేశం కంపాక్షనే. ఎస్టిమేట్‌లో ఐటమ్ ఎలా ఉంటే అలాగే రాయాలి, పరీక్షలో మాత్రం ఆ మాట వాడితే మార్కు పోతుంది. అదే ఐటమ్‌లో కనిపించే లీడ్ అంటే మట్టి మోసే దూరం, లిఫ్ట్ అంటే ఎత్తు.

పోరస్ అంటే ఖాళీలు ఉన్నది, పర్మియబుల్ అంటే నీటిని పారనిచ్చేది. మెత్తని క్లేలో ఖాళీల మొత్తం ఇసుకలో కన్నా ఎక్కువే ఉండొచ్చు, కానీ ఒక్కో ఖాళీ మరీ సన్నం కాబట్టి నీరు కదలదు. చెరువు కట్ట నడుమ బంకమట్టి పెట్టేది అందుకే. వాయిడ్ రేషియో 1 దాటగలదు, పోరాసిటీ దాటలేదు. మొదటిదాంట్లో ఖాళీని గట్టి రేణువుల ఘనపరిమాణంతో భాగిస్తాం, రెండోదాంట్లో మొత్తం ఘనపరిమాణంతో.

వెల్ గ్రేడెడ్ శాండ్ అంటే నాణ్యమైన ఇసుక అనుకుంటారు చాలామంది. అన్ని సైజుల రేణువులూ కలిసి ఉన్నదని మాత్రమే అర్థం. జియాలజీ పుస్తకంలో వెల్ సార్టెడ్ అంటే ఒకే సైజు ఇసుక. మన భాషలో అది పూర్లీ గ్రేడెడ్! రెండు శాఖల పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు.

క్రియలు కూడా దేనికది వేరు. శాండ్ బల్క్స్ (తడి ఇసుక పొంగి ఎక్కువ చోటు పడుతుంది), క్లే స్వెల్స్ (ఉబ్బుతుంది), గ్రౌండ్ హీవ్స్ (నేల పైకి లేస్తుంది), ఫుటింగ్ సెటిల్స్ (పునాది కిందికి దిగుతుంది). బల్కింగ్ చూడాలంటే తడి ఇసుకను కొలజాడీలో 200 మి.లీ. గీత దాకా వదులుగా పోసి, నీళ్లు పోసి ముంచి కలపండి. 160కి దిగితే బల్కింగ్ 25 శాతం. రేణువుల చుట్టూ పట్టిన పల్చని నీటి పొర వాటిని ఎడంగా నిలబెడుతుంది, ముంచగానే ఆ పట్టు పోతుంది. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా పెట్టెలతో కొలిచి కాంక్రీటు కలిపితే ఇసుక తక్కువ పడుతుంది. స్వెల్లింగ్ అలా కాదు, అది నల్లరేగడి గుణం. 10 గ్రాముల మట్టిని ఒక జాడీలో నీటిలో, ఇంకోదాంట్లో కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచితే తేడా కళ్లకు కడుతుంది. కిరోసిన్‌లో ఉబ్బదు.

పైపింగ్ అంటే పైపులు వేయడం అనుకోకండి. కట్ట లోపల నీరు మట్టిని కోసుకుంటూ దారి చేసుకోవడం. అమెరికాలో టీటన్ డ్యామ్ 1976 జూన్ 5న తెగిపోయింది ఇలాంటి లోపలి కోతతోనే.

రేగడి_చేను:

చాలా థ్యాంక్స్ అన్నా, సార్. ప్రాక్టర్ టెస్టుకు (వేర్వేరు నీటి శాతాల దగ్గర మట్టిని అచ్చులో దట్టించి సాంద్రత చూసే పరీక్ష) నేను రాసింది ఇది, ఎలా మార్చాలి? ‘వియ్ టేక్ సాయిల్ అండ్ పుట్ వాటర్ అండ్ బీట్ 25 టైమ్స్. వెయిట్ ఈజ్ ఇంక్రీజింగ్ అండ్ ఆఫ్టర్ దట్ వెయిట్ ఈజ్ లెస్.’

ఓఎంసీ_12:

చేసింది సరిగ్గానే చేశావు, రాయడంలోనే తేడా. రిపోర్టులో ‘వియ్’ వద్దు, పని జరిగిపోయింది కాబట్టి భూతకాలం, ప్రతి పనికీ కొలత. ఇలా రాయి:

‘ది సాయిల్ వాజ్ మిక్స్‌డ్ విత్ వాటర్ అండ్ కంపాక్టెడ్ ఇన్ త్రీ లేయర్స్. ఈచ్ లేయర్ రిసీవ్‌డ్ 25 బ్లోస్ ఆఫ్ ఎ 2.6 కేజీ ర్యామర్ ఫాలింగ్ త్రూ 310 ఎంఎం. ది డ్రై డెన్సిటీ ఇంక్రీజ్‌డ్ టు ఎ మాగ్జిమమ్ అండ్ దెన్ డిక్రీజ్‌డ్.’

‘బీట్’ బదులు కంపాక్ట్, దెబ్బకు బ్లో. నీ రెండో వాక్యంలో ఉన్నది మాత్రం ఇంగ్లీషు తప్పే కాదు, విషయం తప్పు కూడా. వెయిట్ అంటే ఏ వెయిట్? తడి మట్టి బరువు, డ్రై డెన్సిటీ (నీరు కలపకుండా లెక్కించే మట్టి సాంద్రత) రెండూ ఒకే నీటి శాతం దగ్గర గరిష్ఠానికి చేరవు. తడి బరువు ఇంకాస్త నీటి దగ్గర చేరుతుంది. ఓఎంసీ (డ్రై డెన్సిటీ గరిష్ఠంగా ఉండే నీటి శాతం) చదవాల్సింది డ్రై డెన్సిటీ గీత మీద. బల్క్ డెన్సిటీని (తడి మట్టి సాంద్రతను) 1 + నీటి శాతంతో భాగించి డ్రై డెన్సిటీ తీసేటప్పుడు 12 శాతాన్ని 0.12గా వేయాలి. ఇక్కడ 12 వేసి, వచ్చిన అంకెను అలాగే రాసేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇంకో రెండు క్రియలు ఇదే టెస్టులో ఉన్నాయి. తర్వాతి పొర వేసేముందు కింది పొర పైభాగాన్ని గీకడం స్కారిఫై, లేకపోతే పొరలు అతుక్కోవు. చివర్లో కాలర్ (అచ్చు పైన బిగించే వలయం) తీసి అచ్చు అంచుకు సమంగా కోయడం ట్రిమ్. బంకమట్టి అయితే నీరు కలిపి మూతపెట్టి రాత్రంతా ఉంచాలి, నీరు లోపలికి పట్టకపోతే పాయింట్లు గీత మీద కూర్చోవు.

బోర్_లాగ్:

ఆలస్యంగా చూశాను. ఒక్క సాధన చాలా ఉపయోగం: సైటు బోర్ లాగ్ (బోరు వేస్తే ఏ లోతులో ఏ మట్టి వచ్చిందో రాసే పట్టిక) ఒకటి తీసుకుని రోజూ రెండు వరసలు గట్టిగా చదువు. ఉదాహరణకు ‘ఎల్లోయిష్ బ్రౌన్, మీడియం డెన్స్, సిల్టీ ఫైన్ శాండ్’. రంగు, బిగువు, తక్కువ పాలున్న మట్టి, చివర అసలు మట్టి. చివరి నామవాచకాన్ని బట్టే అది ఏ మట్టో తేలుతుంది. సిల్టీ శాండ్ అంటే ఇసుక, శాండీ సిల్ట్ అంటే సిల్టు. మాట తారుమారైతే మట్టే మారిపోతుంది.

బిగువు మాటలు ఇసుకకు వేరు, బంకమట్టికి వేరు. ఎస్పీటీలో (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్టు, నమూనా గొట్టాన్ని దెబ్బలతో నేలలోకి దింపే పరీక్ష) 63.5 కిలోల సుత్తి 750 మి.మీ. నుంచి పడుతుంది. మొదటి 150 మి.మీ. దిగడానికి పట్టిన దెబ్బలు వదిలేసి తర్వాతి 300 మి.మీ.కు పట్టినవి లెక్కపెడితే ఎన్ విలువ. ఇసుకలో 4 నుంచి 10 అయితే లూజ్, 30 దాకా మీడియం డెన్స్, 50 దాకా డెన్స్, ఆపైన వెరీ డెన్స్. క్లేకు సాఫ్ట్, స్టిఫ్, హార్డ్ అంటారు. ‘స్టిఫ్ శాండ్’ అని రాస్తే, రాసినవాళ్లు నమూనా చూడలేదని చదివేవాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది.