ఆక్సిజన్ సెన్సర్: కంపెనీ పార్టా, బయటి పార్టా?

ప్రశ్న: మా పెట్రోలు కారులో చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదు. స్కాన్ చేయిస్తే పీ0135 కోడ్, అంటే ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ (ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) హీటర్ సర్క్యూట్‌లో లోపమని చూపింది. షోరూమ్ ధరలో మూడో వంతుకే బయట దొరుకుతోంది. ఏది తీసుకోమంటారు?

సమాధానం: ముందుగా హీటర్ ఫ్యూజు, కనెక్టరు చూపించండి, ఫ్యూజు పోయినా ఈ కోడే రావచ్చు. సెన్సరే పోయిందని తేలితే పాతదాని మీద ఎవరి పేరుందో చూడండి. కార్ల కంపెనీలు సాధారణంగా వీటిని బాష్, డెన్సో, ఎన్‌టీకే వంటి తయారీదారుల దగ్గర కొని తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి కనుక, అదే తయారీదారు సొంత పెట్టెలో అమ్మేది, మీ మోడల్‌కు సరిపోయే నంబరుతో తీసుకుంటే చాలు. ఊరూ పేరూ లేనిది మాత్రం వద్దు.

మరో సమాధానం: ఏకీభవిస్తాను, అయితే నకిలీలు వచ్చేది పేరున్న పెట్టెల్లోనే కాబట్టి బిల్లు లేకుండా కొనకండి. వైర్లు కోసి అతికించే యూనివర్సల్ రకం కూడా నాకు నచ్చదు. చాలా సెన్సర్లు పోల్చిచూసుకోవడానికి కావలసిన బయటి గాలిని వైర్ల సందుల్లోంచే లోపలికి తీసుకుంటాయి. అక్కడ టంకం వేస్తే ఆ దారి మూసుకుపోయి రీడింగ్ తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు: ఫ్యూజు బాగానే ఉందండీ. పాతదాని మీద డెన్సో అని ఉంది. ఆ నంబరుతోనే, కనెక్టరుతో సహా వచ్చేది ఆర్డరు పెడుతున్నాను.